సుబ్రహ్మణ్యం గారి ఒక్క చుక్క

సుబ్రహ్మణ్యం గారికి లోకంలో ఏ తడి వస్తువు కనిపించినా అందులోంచి ఒక్క చుక్క కావాలి. కప్పు వద్దు, గ్లాసు వద్దు, చెంచాడు కూడా వద్దు. పెళ్ళికి పిలిస్తే నిక్షేపంగా వస్తారు, విస్తరి ముందు కూర్చుంటారు, సాంబారు వడ్డించేవాణ్ణి ఆపి, "ఇందులో ఒక్క చుక్క ఇస్తారా అండీ, విడిగా" అని జేబులోంచి గాజుపలక తీస్తారు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన్ని చుక్కల సారు అంటారు. వెనకాల ఇంకా చాలా అంటారు గానీ అవి అచ్చు వేయదగినవి కావు.

ఈ చుక్కలతో అందరికంటే ఎక్కువ వేగిపోయింది మంజులత. స్టూడియో గేటు పక్కన ఆమె టీ బండి, ఎదురుగా మూతపడిన డబ్బింగ్ థియేటర్లో ఆయన పరిశోధన. బయటి చప్పుడు లోపలికి రాదని ఏరికోరి ఆ గది తీసుకున్నారట. చప్పుడుతో ఆయనకేం పని అంటే, ఆయనకున్న పనల్లా అదే. వేలిగోరంత స్ఫటికపు పలక, దాని మీద దువ్వెన పళ్ళలా సన్నని లోహపు గీతలు. కరెంటు ఇస్తే మన చెవికి అందని ధ్వని తరంగం ఒకటి పలక మీద పాకుతుంది. అక్కడ చుక్క వేస్తే, చెంచాతో పనిలేకుండా అది తనంతట తానే గిర్రున తిరిగి కలిసిపోతుంది. చుక్క చిక్కగా ఉన్నా, అందులో మనం వెతికే పదార్థం వచ్చి పలకకి అంటుకున్నా, తరంగం నడక మందగిస్తుంది. ఎంత మందగించిందో కొలిచి ఆ చుక్క జాతకం చెప్పే పెట్టె ఒకటి ఆయన చేతిలో ఉంటుంది, టిఫిన్ డబ్బా అంత.

పొద్దున్నే ఆ డబ్బా బండి మీద ప్రత్యక్షమయ్యేది.

"అమ్మా మంజులతా, ఒక్క చుక్క."

"సారూ, జర బోణీ గానియ్యుండ్రి. గిది చాయ్ బండి, మీ లాబ్ గాదు."

"కప్పు తరవాత ఇవ్వు తల్లీ, ముందు చుక్క."

చుక్క పడేది. ఆయన పెట్టెలోకి తొంగిచూసి, పదిమంది తాగుతుండగా, "నిన్నటి మీద నీళ్ళు పెరిగాయమ్మా" అనేవారు. అబద్ధమైతే తిట్టి పంపొచ్చు. నిజం కావడమే మంజులతకి వచ్చిన చిక్కు.

సెట్లోకి వెళ్ళినా ఆయనకి అదే వరస. ఓసారి సీరియల్ దర్శకుడు వీరరాఘవయ్య విలేకరులని పిలిచి, సాయిసుధ అనే అమ్మాయి చేత గ్లిజరిన్ లేకుండా ఏడిపించానని గొప్పలు పోతున్నాడు. సుబ్రహ్మణ్యం గారు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, "అమ్మా, ఆరిపోకముందే ఒక్క చుక్క" అన్నారు. పెట్టెలోకి చూశారు. "చాలా చిక్కగా ఉందండీ. కన్నీటి మీద తరంగం ఇంత నెమ్మదిగా నడవదు. ఇది గ్లిజరినే."

వీరరాఘవయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. సాయిసుధ మాత్రం తడుముకోకుండా, "మీరు ఎడమ కన్నుది తీశారు సార్, కుడి కన్ను నాదే" అంది. సుబ్రహ్మణ్యం గారు ఆ మాట నమ్మి రెండో చుక్క అడిగారు. అప్పుడే ఆయన్ని సెట్లోంచి సాగనంపారు.

మంజులతకి ఈ వినోదాలు చూసి నవ్వే ఓపిక ఆ రోజుల్లో లేదు. ఆమె భర్త హనుమంతు లైట్‌మన్. పాతికేళ్ళుగా బరువైన లైట్లు మోసి మోసి భుజం అరిగిపోయింది. షూటింగుల్లో నొప్పి మాత్రల డబ్బా ఒకటి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. షాటుకీ షాటుకీ మధ్య అందులోంచి తీసి పల్లీల్లా నమిలేవాడు. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

"దవాఖానకు పోదాం పా" అంటే వినడు. "పోతే ఏదో ఒకటి చెప్తరే. రోగమున్నోడని తెలిస్తే మళ్ళ పనికెవడు పిలుస్తడు? పోయినేడు ఒకాయన నిచ్చెన మీద కళ్ళు తిరిగి కూసుండు, గంతే, మళ్ళ పిలిచినోడు లేడు."

ఒకనాడు పొద్దున్న బండి దగ్గర ఎవరూ లేని వేళ, ఆపుకోలేక ఇదంతా సుబ్రహ్మణ్యం గారికి చెప్పేసుకుంది. ఆయన గ్లాసులోకి చూస్తూ చివరిదాకా విన్నారు. విని, "ఈవేళ నీళ్ళు మరీ ఎక్కువయ్యాయమ్మా" అన్నారు. మంజులతకి ఒళ్ళు మండిపోయింది. గోడకి చెప్పుకున్నా బాగుండేదని రహమత్ నగర్‌లో ఇంటికి చేరేదాకా తిట్టుకుంటూనే ఉంది.

వారం తిరక్కుండా ఆయన పిచ్చి ముదిరింది. ఇప్పుడు టీ చుక్క చాలదు, వేలి చివర నెత్తుటి చుక్క కావాలి. కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే నెత్తుట్లో పేరుకునే ప్రోటీన్ ఒకటుందట, దాన్ని పట్టే కొత్త చిప్పు తయారైందట, సరిచూడాలట. వెంట ఆయన దగ్గర పరిశోధన చేసే మనోజ్ఞ, ఆమె చేతిలో సూదుల డబ్బా, మూడు పేజీల అంగీకారపత్రం. మేకప్‌వాళ్ళు, డ్రైవర్లు, డాన్సర్లు, కెమెరామన్, ఎవర్నీ వదల్లేదు. వీరరాఘవయ్య పాత పగతో మూడు పేజీలూ చదివి, తప్పులు దిద్ది మరీ సంతకం పెట్టాడు. హీరో గారి మేనేజరు మాత్రం, "చుక్కకి డేట్లు లేవండీ, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఇచ్చినవాళ్ళందరికీ మర్నాడు ఒకే రకం కవరు, అంటించి. లోపలేముందో ఎవరిది వాళ్ళకే తెలియాలని ఆయన షరతు.

హనుమంతు నాలుగుసార్లు తప్పించుకున్నాడు. ఒకసారైతే ఆయన్ని చూసి నిచ్చెనెక్కి, భోజనాల గంట కొట్టినా దిగలేదు. అయిదోసారి యూనిట్ వాళ్ళే పట్టుకున్నారు. "అందరం ఇచ్చినం, ఈయనొక్కడే సూదికి భయపడుతుండు" అని ఒకటే నవ్వు. హనుమంతుకి పౌరుషం పొడుచుకొచ్చి వేలు చాపాడు.

మర్నాడు కవరు విప్పి చూసుకుని, నేరుగా డబ్బింగ్ థియేటర్‌కి పోయాడు.

"సారూ, మీ పెట్టె ఖరాబైంది."

"అయ్యుండొచ్చు హనుమంతూ. ఇంకా పరీక్షలో ఉన్న పెట్టె అది, డాక్టరు కాదు. దాని మాట పట్టుకుని ఏదీ తేల్చకూడదు. నువ్వు బంజారా హిల్స్‌లో పెద్దాసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుని, ఆ కాగితం తెచ్చి నా మొహాన కొట్టు. నా పెట్టెది తప్పని తేలితే, ఈ జన్మలో ఎవర్నీ చుక్క అడగను."

హనుమంతు ఆలోచించాడు. ఫిల్మ్‌నగర్ మొత్తానికి విముక్తి తన చేతుల్లో పడింది. అంత పుణ్యం వదులుకోవడం ఇష్టంలేక భార్యని సాక్ష్యానికి తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరమ్మ కాగితాలు చూసి మొదట మాత్రల సంగతి అడిగింది. కిడ్నీలు దెబ్బతిన్నాయంది. "వేళకే వచ్చారు. మాత్రలు ఆపేసి, ఉప్పు తగ్గించి, నెలనెలా చూపించుకుంటే పని చేసుకోవచ్చు. ఇంకో ఏడాది ఇలాగే నమిలుంటే వారానికి మూడు రోజులు డయాలసిస్ మంచం మీదే ఉండేవారు" అంది. మంజులత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. హనుమంతు బయటికొచ్చి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇగ సారు చుక్కలు బందుగావు" అన్నాడు దిగులుగా.

ఆ సాయంత్రం మనోజ్ఞ టీకి వచ్చింది. మంజులత గ్లాసు చేతికిస్తూ, "నీ సూదుల డబ్బా ఏదమ్మా?" అంది.

"సారు మూసేయించారక్కా. అసలు మా పనికి ముప్పై మంది చాలు. సారు నూట పన్నెండు మందిని పొడిపించారు."

"గంత మందెందుకు?"

మనోజ్ఞ గొంతు తగ్గించింది. "హనుమంతన్న ఇవ్వలేదు కదా. ఒక్కణ్ణే అడిగితే ఎందుకని నలుగురూ ఆరా తీస్తారు, పని పోతుంది అన్నారు సారు. అందరితో పాటు అయితే ఎవరికీ అనుమానం రాదట. హనుమంతన్నది నూట పన్నెండో చుక్క. ఆ తరవాత ఒక్కర్ని కూడా అడగలేదు."

మంజులతకి తను గోడు చెప్పుకున్న ఆ పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. అంతలేసి తిట్లు తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ఇంత తిక్క మనిషిలో అంత మనసు దాక్కున్నందుకు ముచ్చటేసింది. ఆయనకి ఏం ఇచ్చుకోవాలో రాత్రంతా ఆలోచించి, తనకి చేతనైనదే చేద్దామనుకుంది.

మర్నాడు చుక్క నీరు పోయకుండా, ఒట్టి పాలలో టీ కాచింది. సుబ్రహ్మణ్యం గారు వేళకే వచ్చి డబ్బా పెట్టారు.

"అమ్మా మంజులతా, ఒక్క చుక్క."

"తీసుకోండ్రి సారూ."

ఆయన పెట్టెలోకి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పలక కడిగి ఇంకో చుక్క వేశారు. పెట్టె మీద రెండు దెబ్బలు వేసి, "మనోజ్ఞా, ఇలా రామ్మా" అని కేకేశారు. "నీ టీ మీద తరంగం ఇంత నెమ్మదిగా ఎన్నడూ నడవలేదు. నీళ్ళ జాడే చూపించడం లేదు. పెట్టె పాడైపోయింది."

"పెట్టె మంచిగనే ఉంది సారూ. చల్లారుతది, తాగుండ్రి."

ఆయన వింటేనా. టీ పక్కన పెట్టి పెట్టె మరలన్నీ విప్పి, మధ్యాహ్నం దాకా బండి మీదే పరిచి కూర్చున్నారు.

చేసేది లేక మర్నాడు మంజులత మళ్ళీ నీళ్ళు కలిపింది. పెట్టె బాగైపోయింది.