తుమ్మితే గొళ్ళెం పెట్టిన ఇల్లు

పందొమ్మిది వందల అరవైల మొదట్లో పెళ్ళయి పరకాల నుంచి వరంగల్‌కు కాపురానికి వచ్చాను. వచ్చిన వారానికే అత్తగారింట్లో నా తుమ్ముకు శత్రువులు పుట్టారు. మా మామది పాత గోనెసంచుల వ్యాపారం. ఇంటికి తెచ్చి, దులిపి, చిరుగులు కుట్టించి మళ్ళీ అమ్మేవాడు. ఆ దుమ్ము తగిలితే చాలు, నాకు ఒకదాని వెంట ఒకటి తుమ్ములు. సరిగ్గా అప్పుడే మామ చెప్పులేసుకొని దుకాణానికి బయలుదేరేవాడు. తుమ్ము వినబడగానే వెనక్కి వచ్చి, నీళ్ళు తాగి, కూర్చొని నా దిక్కు చూసేవాడు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"పనిగట్టుకొని తుమ్ముతాంది. బేరం చెడగొట్టాలనే దీని కడుపుల ఉన్నది," అనేది అత్త.

చివరికి ఆమే ఒక ఉపాయం చేసింది. మామ బయటికి పోయేదాకా నన్ను వెనక గదిలో ఉంచి గొళ్ళెం పెట్టేది. సంచులు కప్పు దాకా పేర్చి ఉండేది ఆ గదిలోనే. కొన్ని వానకు తడిసి బూజు పట్టినవి. నా భర్తకు చెబితే, "జర ఓపిక పట్టు. అమ్మతోని నాకెందుకు లొల్లి," అన్నాడు. అప్పటినుంచి అత్త కన్నా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం.

ఏడాది తిరిగేసరికి తుమ్ములను మించినది వచ్చింది. ముక్కు మూసుకుపోయింది. నుదురు, చెంపలు ఒకటే బరువు. ముగ్గు వేయడానికి వంగితే కళ్ళ వెనక గుద్దినట్టుండేది. వాసనలు తెలియకుండా పోయాయి. ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడినా నాకు తెలియలేదు. అత్త ఆ గిన్నె తెచ్చి నా ముందర విసిరింది.

"ముక్కున్నదా, కోసుకున్నవా?"

ఆ సాయంత్రమే చెంప ఉబ్బి జ్వరం వచ్చింది. మర్నాడు, పరకాలలో సేద్యం చేసుకునే మా అన్న నన్ను చూడటానికి వచ్చాడు. నా మొహం చూసి ఎవర్నీ అడగకుండా రిక్షా పిలిచాడు. హనుమకొండ దవాఖానకు నన్ను తీసుకుపోతుంటే మా ఆయన వెనకాల సైకిల్ మీద వచ్చాడు.

డాక్టర్ అన్నీ అడిగి తెలుసుకున్నాడు. "నీకు ఆ దుమ్ము పడదమ్మా. తగిలినప్పుడల్లా ముక్కు లోపల వాస్తది. ముక్కు పక్క ఎముకల్ల గుల్లలుంటయి. వాటి దారి మూసుకపోయి లోపల చీము నిలుస్తది. కడిగి తీస్త. కానీ ఆ గదిలనే ఉంటే మళ్ళ నిండుతది," అన్నాడు.

ముక్కులోంచి సూది దింపారు. ఎముక కరక్‌మన్న చప్పుడు తలంతా వినిపించింది. పళ్ళెంలో చీము పడగానే మా ఆయన ముఖం తిప్పుకున్నాడు.

"తిప్పుకోకు, చూడు," అన్నాను. "మీ అమ్మ చేసిన పని నువ్వు చూడాలె."

పెళ్ళయ్యాక ఆయన్ను నువ్వు అన్నది అదే మొదలు.

సంగతి విని అత్త, "దవాఖానోళ్ళు గట్లనే చెప్తరు. దీని ముక్కు కోసం దందా బంద్ చెయ్యాల్నా?" అంది. నేను అన్న వెంట పరకాల పోయాను. మా ఆయన కాజీపేటలో వేరే గది అద్దెకు తీసుకున్నాక గానీ తిరిగి రాలేదు. రైలింజన్ల పొగకు అక్కడా తుమ్మాను. ముక్కు అప్పుడప్పుడు మూసుకుపోయేది. కానీ చీము మళ్ళీ పట్టలేదు, తలనొప్పి తగ్గింది.

అత్త ఒక్కసారే వచ్చింది. "ఇప్పుడు బాగనే ఉన్నవ్ గదా, ఇంటికి రా," అంది. చాయ పోసి ఇచ్చాను. కూర్చోమనలేదు.