అస్లం చాచా వేసుకున్న మార్కులు

ఎవరి మార్కులు వాళ్లనే వేసుకోమంటే తక్కువ వేసుకున్న మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆయన పేరు షేక్ అస్లం. మా ట్యాంకర్ల యార్డులో సేఫ్టీ సూపర్‌వైజర్. పేరుకు సూపర్‌వైజర్ గానీ కుర్చీలో కూర్చోగా ఎవరూ చూసినవాళ్లు లేరు. ఎప్పుడూ ఏదో ఒక బండి కింద దూరి ఉంటాడు, లేకపోతే పైకెక్కి ఉంటాడు. అందరూ ఆయన్ని చాచా అనేవారు.

మా యార్డు నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ఉంది. యజమాని చెన్నకేశవరావు మా పెదనాన్న. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్లు. పెదనాన్నకు సేద్యం విసుగు పుట్టి ట్యాంకర్లు కొన్నాడు. మొత్తం పదకొండు. డిపోలో పెట్రోలు, డీజిలు నింపుకుని రుద్రూర్, రెంజల్, డిచ్‌పల్లి వైపు బంకులకు దించి రావడం వాటి పని. నేను సాహిత్యను. ఆ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే.

చాచా పుట్టింది బోధన్‌లో. తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఉర్దూ మీడియంలో ఏడు చదివి, చెరుకు లారీకి క్లీనరై, ఆ తర్వాత చెరుకు మడ్డి మోసే మొలాసిస్ ట్యాంకర్ నడిపి, ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దగ్గర పెట్రోలు బండి ఎక్కాడు. ఇరవై ఏళ్లలో ఒక్క గీత పడనివ్వలేదని పెదనాన్న ఆయన్ని బండి దించి సూపర్‌వైజర్‌ను చేశాడు. భార్య హుసేన్ బీ పోయి ఆరేళ్లయింది. కూతురు ఆఫియాను నాందేడ్‌లో ఇచ్చాడు. బోధన్‌లో ఒక గది, యార్డులో ఒక మంచం, ఇంతే ఆయన సంసారం. మాట్లాడుకోవడానికి మనుషులు కావాలంటే యార్డుకే రావాలి. సెలవు రోజున కూడా వచ్చేవాడు.

ఏటా వానాకాలంలో చమురు కంపెనీ నుంచి ఒక పుస్తకం వస్తుంది. ట్యాంకర్లు నడిపేవాళ్లు తమ భద్రత ఎలా ఉందో తామే చూసుకుని, ఒక్కో అంశానికి ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేసుకుని, పక్కన కారణం రాసి పంపాలి. డ్రైవర్లు దాన్ని సొంత మార్కుల పుస్తకం అనేవారు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, మేం అన్నిటికీ నాలుగు వేసుకునేవాళ్లం. మరీ అన్నీ నాలుగైతే నమ్మరని పెదనాన్న సలహా మీద అక్కడక్కడా మూడు చల్లేవాళ్లం. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేదాన్ని, చాచా తలూపేవాడు, నేను టైపు చేసేదాన్ని. ఒక పూటలో అయిపోయేది.

పోశయ్య సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. యార్డు గోడకు ఆనుకుని అతని వెల్డింగ్ షెడ్డు. చాచా ఈడువాడే. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ షెడ్డు ముందు స్టూళ్లు వేసుకుని చాయ్ తాగేవారు. పదిహేనేళ్లుగా అదే వరస. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కూడా కాదు.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక బండి రుద్రూర్ బంకులో పెట్రోలు దించి తిరిగి వచ్చింది. పైకెక్కే నిచ్చెన అతుకు విరిగింది. రిపేరుకు పోవాలంటే గేటు చిట్టీ రాయాలి. అందులో ఒక గడి ఉండేది: లోడా, ఖాళీనా. చాచా ‘ఖాళీ’ అని రాశాడు. మా యార్డులో ఖాళీ అంటే సరుకు దించేసిన బండి. అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు, నేను కూడా. కానీ పెట్రోలు దించినంత మాత్రాన ట్యాంకు ఖాళీ కాదు. లోపల ఆవిరి నిండి ఉంటుంది. నిండు బండికన్నా దించేసిన బండే ప్రమాదం. అది కడిగి, లోపల గాలి ఆడనిచ్చి, గ్యాస్ కొలిచే మీటరు పెట్టి చూసి గానీ నిప్పు దగ్గరికి తీసుకుపోకూడదు. ఇదంతా పుస్తకంలో ఉంది. మేం దానికి ప్రతి ఏడూ నాలుగు మార్కులు వేసుకున్నాం.

పోశయ్య చిట్టీ చూసి, పైకెక్కి రాడ్ అంటించాడు. మూత సందులోంచి ఒక్కసారి మంట లేచింది. అతను కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. వేళ్లు ముడుచుకుపోయాయి. మళ్లీ రాడ్ పట్టింది లేదు.

దవాఖానలో స్టవ్ పేలిందని రాయించారు. పెదనాన్న చెప్పాడు, డ్రైవర్లు ఒప్పుకున్నారు, పోశయ్యా ఒప్పుకున్నాడు. కంపెనీకి తెలిస్తే పదకొండు బండ్లూ ఆగిపోతాయి, ఇరవై ఇళ్లలో పొయ్యి వెలగదు. పెదనాన్న చెడ్డవాడని నేననను. వైద్యం ఖర్చు పైసాతో సహా ఆయనే పెట్టాడు. అందరి మంచీ చూసి ఆడిన అబద్ధం కాబట్టి ఎవరికీ నిద్ర చెడలేదు, ఒక్క చాచాకు తప్ప.

వానలు మొదలయ్యాయి, పుస్తకం వచ్చింది. గడిచిన ఏడాదిలో జరిగిన ప్రమాదాలు ఎన్ని, వాటికి కారణం ఏమిటి అన్న ప్రశ్న దగ్గర నేను అలవాటుగా సున్నా కొట్టబోయాను. చాచా నా చెయ్యి ఆపాడు. రేపు రాద్దామన్నాడు. ఆ సాయంత్రం పోశయ్య దగ్గరికి వెళ్లాడు, నన్నూ రమ్మన్నాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఒక్కడే వెళ్తే మాట పెగలదని భయపడ్డాడనుకుంటాను. పుస్తకంలో ప్రమాదం సంగతి రాస్తానని చెప్పాడు. మన యార్డు ఒక్కటే కాదు, ఎన్ని యార్డుల్లో ఖాళీ అని రాస్తున్నారో, ఎందరు వెల్డర్లు ఆ మాట నమ్ముతున్నారో అన్నాడు.

పోశయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాడు.

“రాయకు అస్లమా. దవాఖాన ఖర్సు సేటే పెడుతుండు. రాస్తే ఆయన చేతులు దులుపుకుంటడు. నా మాట ఇను,” అన్నాడు.

పోశయ్య భార్య ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాం. మర్నాడు పొద్దున్నే వచ్చి ప్రమాదాలు ఒకటి అని కొట్టమన్నాడు. కారణం దగ్గర ‘చిట్టీ మీద ఖాళీ అని రాసిన సూపర్‌వైజర్ షేక్ అస్లం’ అని రాయించాడు. రిపేరు జాగ్రత్తలకు ఒక మార్కు వేసుకున్నాడు. సున్నా లేదా అని అడిగాడు కూడా. లేదు, ఒకటితోనే మొదలని చెప్పాను.

“ఎందుకు చాచా, ఎవరు అడుగుతున్నారు?” అన్నాను.

“ఇన్‌స్పెక్టర్ అడిగితే అబద్ధం చెప్తుంటి బిడ్డా. గిది నన్ను నేనే అడిగేది గదా. నాకు నేను ఏం చెప్పాలె?”

పెదనాన్న ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టాడు. నేను చెప్పలేదు. పది రోజులకు కంపెనీ ఆఫీసర్లు జీపులో దిగారు. నలభై ఐదు రోజులు లోడింగ్ ఆపేశారు. పెదనాన్న నన్ను పిలిచి ఏమిటే ఇది అని అరిచాడు. చాచా చెప్పాడు, నేను టైపు చేశాను అన్నాను. అది నిజమే. నిజం వెనక దాక్కోవచ్చని ఆ రోజే తెలిసింది నాకు. చాచా నా వైపు చూసి, అవును సేట్, అమ్మాయికేం తెల్వదు అన్నాడు.

ఆ నలభై ఐదు రోజులూ డ్రైవర్లు దొరికిన పనల్లా చేశారు. అందరికన్నా నలిగింది అయాజ్. అతనికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిందే చాచా. ఉస్తాద్ అని పిలిచేవాడు. ఆ నెలన్నరా రెంజల్‌లో ఎవరిదో ట్రాక్టర్ తోలాడు. కూతురు రిదాను స్కూలు వ్యాన్ మాన్పించి నడిపించుకుని తీసుకుపోయేవాడు. బండ్లు మళ్లీ కదిలేసరికి, అతనూ మిగతావాళ్లూ చాచాతో మాట్లాడటం మానేశారు.

తప్పు ఒప్పుకున్నవాణ్ణి తీసెయ్యకూడదని ఆఫీసర్లు రాసి పోయారు కాబట్టి పెదనాన్న ఆయన్ని ఉంచాడు. కొత్త చిట్టీలు వచ్చాయి. వాటిలో ఖాళీ అన్న మాటే లేదు. ‘గ్యాస్ ఉంది, గ్యాస్ లేదు’ అని రెండు గడులు, మీటరు అంకెకు ఒక గడి. చాచా కోరింది జరిగింది. కాకపోతే ఆ సంగతి చెప్పుకోవడానికి ఆయనకు మనిషి లేడు. పోశయ్య వైద్యం పెదనాన్న ఆపలేదు, కానీ పోశయ్యే చాచాతో చాయ్ ఆపేశాడు. నా మాటకన్నా కాగితం ఎక్కువైందా అని ఎవరితోనో అన్నాడట. తర్వాత షెడ్డు అమ్మేసి కూతురు లత దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం డ్రైవర్లు తార్పాలిన్ పరుచుకుని డబ్బాలు విప్పేవారు. చాచా వచ్చి కూర్చుంటే ఒకడికి ఫోన్ వచ్చేది, ఇంకొకడికి టైరు చూడాల్సి వచ్చేది. కాసేపటికి తార్పాలిన్ మీద ఆయనా, ఆయన డబ్బా మిగిలేవారు. నాలుగు రోజులకు ఆయనకే అర్థమై, రిపేరులో నిలబడిన బండి క్యాబిన్‌లో తినడం మొదలుపెట్టాడు. మీటరు గొట్టం ట్యాంకులోకి దించడానికి ఒకరు, అంకె చూడటానికి ఒకరు కావాలి. ఆయన ఒక్కడే కట్టి, దిగి, చూసి, మళ్లీ ఎక్కి విప్పేవాడు. అదంతా కనబడే ఆఫీసు కిటికీ నా కుర్చీకి ఎదురుగానే ఉంది. నేను లేచి వెళ్లి గొట్టం పట్టుకోవచ్చు. పెదనాన్న చూస్తాడని వెళ్లలేదు.

ఒక్క సలాం మాత్రం మిగిలింది. సలాం చెబితే జవాబివ్వకపోవడం పాపం కాబట్టి అయాజ్, అతీఖ్ లాంటి డ్రైవర్లు ‘వాలేకుం సలాం’ అనేవారు. అది చూసి మిగతావాళ్లు కూడా నమస్తే పెట్టేవారు. అంతే, ఆ తర్వాత నోరు మూత. కొన్నాళ్లకు నేనొకటి గమనించాను. చాచా పొద్దున ఒకసారి సలాం చెప్పి, ఏదో పనున్నట్టు గేటు దాటి వెళ్లి, మళ్లీ లోపలికొచ్చి సలాం చెప్పేవాడు. రోజుకు నాలుగైదు సార్లు. మొదట మతిమరుపు అనుకున్నాను. అది జవాబు వినడానికని తర్వాత తెలిసింది.

ఏడాది తిరిగింది, పుస్తకం మళ్లీ వచ్చింది. ఈసారి పెదనాన్న ముందే కూర్చుని, ప్రతి పేజీ తనకు చూపించి గానీ పంపకూడదన్నాడు. ప్రమాదాలు సున్నా. నిజంగానే సున్నా. మీటరు, చిట్టీలు అన్నీ పక్కాగా ఉన్నాయి. చాచా కూడా నాలుగు వెయ్యమని ధైర్యంగా చెప్పాడు. చివరి పేజీకి వచ్చాం. అక్కడ కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు. చదివి నేను ఆగిపోయాను.

“చదువు బిడ్డా,” అన్నాడు చాచా.

“మా సంస్థలో తప్పు జరిగిందని చెప్పుకున్న మనిషికి తోటివారి నుంచి ఏ ఇబ్బందీ ఉండదు. దీనికి మార్కులు వెయ్యాలి.”

పెదనాన్న గొంతు సవరించుకుని, నాలుగు వేసెయ్యమ్మా, దాందేముంది అన్నాడు. చాచా తల వంచుకున్నాడు. ఆయన నాలుగు అంటే ఆ ఏడాదంతా అబద్ధమవుతుంది. ఒకటి అంటే ఆఫీసర్లు మళ్లీ దిగుతారు, బండ్లు మళ్లీ ఆగవచ్చు, ఇక ఈ జన్మలో ఆయనకు సలాం కూడా దక్కదు. లేచి ఆ చివరి పేజీ కాగితం చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు. వెనకాలే నేనూ వెళ్లాను.

డ్రైవర్లు లోడింగ్‌కు బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. చాచా ఆ ప్రశ్న తెలుగులో చెప్పాడు. ఇది తన ఒక్కడి మార్కు కాదని, అందరూ కలిసి ఎంతంటే అంత వేస్తానని, నాలుగన్నా సరేనని అన్నాడు. ఒకడు బూటుతో నేల గీస్తున్నాడు. చాచా, అయాజ్ ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. ఆ రోజు అయాజ్ అందరికీ వినబడేలా తెలుగులో అన్నాడు.

“ఒకటి వెయ్యి ఉస్తాద్.”

చాచా పెన్ను తీసి మళ్లీ ఆగాడు.

“రెండు వేద్దాంరా. సలాంకు జవాబైతే ఇచ్చినరు గద,” అన్నాడు.

ఆ మాటకు అయాజ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత వచ్చి పెన్ను లాక్కుని, కాగితాన్ని బండి తలుపుకు ఆనించి తనే ఒకటి వేసి, కింద సంతకం పెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెట్టారు. చివర్లో నేను పెట్టాను. కారణం గడిలో ఏం రాయాలో నన్ను ఎవరూ అడగలేదు. ‘ఏడాదిపాటు మేమెవరమూ ఆయనతో మాట్లాడలేదు’ అని రాశాను. ‘మేమెవరమూ’లో నేనూ ఉన్నాను. పెదనాన్న అది రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని సంతకం చేశాడు.

బండ్లు డిపో నుంచి మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. తార్పాలిన్ పరిచారు, డబ్బాలు విప్పారు. చాచా ఎప్పటిలాగే రిపేరు బండి క్యాబిన్‌లో కూర్చుని తింటున్నాడు. ఆయనకు వినబడేంత దూరంలోనే అందరం ఉన్నాం. పిలవడానికి ఒక్కరికీ మొహం చెల్లలేదు.