పైకి లేవని పోస్టు

మా ఫ్యాక్టరీలో ఈమెయిల్ చచ్చిపోయిన రోజు ఎవరూ ఏడవలేదు. లడ్డూలు పంచారు. దాని బదులు ఒక యాప్ వచ్చింది. ఫోటోలు, పోస్టులు, కింద నొక్కడానికి బొటనవేళ్ళు, హృదయాలు. ఇకపై మనమంతా ఒకే కుటుంబం అని పెద్దసారు మైకులో చెప్పాడు. కుటుంబాలు ఎలా ఉంటాయో తెలిసినవాణ్ణి కాబట్టి నేను లడ్డూ వరకే నమ్మాను.

నాది హిందూపురం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఆ ఫ్యాక్టరీలో నాది చెకింగ్ పని. నా బల్లకు ఎదురుగా ప్రెస్ మిషన్ నడిపే అన్న ధర్మవరం నుంచి వచ్చేవాడు. ఆదివారాలు ఇంట్లో మగ్గం నేసేవాడు. "మిషన్ కూడు పెడతాది, మగ్గం పరువు నిలబెడతాది" అనేవాడు.

ప్రెస్ ముందు ఒక సెన్సర్ ఉంటుంది. చెయ్యి లోపలికి పోతే మిషన్ ఆగాలి. అది ఒకసారి ఆపడం, ఒకసారి మరిచిపోవడం మొదలుపెట్టింది. ఇదివరకైతే సూపర్‌వైజర్ మెయింటెనెన్స్ వాళ్ళకు మెయిల్ కొట్టి, పెద్దసారుకు కాపీ పెట్టేవాడు. ఆ కాపీకి జడిసి ఎవరో ఒకరు స్పానర్ పట్టుకుని వచ్చేవారు. ప్రేమతో కాదు, అయినా వచ్చేవారు.

"యాప్‌లో పెట్టప్పా, అందరూ చూస్తారు" ఈసారి అన్నతో అన్నాడు సూపర్‌వైజర్.

"అంతదాకా మిషన్ ఆపేదా?"

"ఆపితే టార్గెట్ నువ్వు ఇస్తావా? చూసుకొని నడుపు."

అన్న పెట్టాడు. అందరూ చూశారు. నేను తప్ప ఎవరూ నొక్కలేదు. నేను ప్రతిదానికీ నొక్కే రకం కాబట్టి నా లెక్క వేరు. ఆ యాప్‌లో ఎక్కువమంది నొక్కింది పైకి లేస్తుంది, నొక్కనిది అడుగుకు పోతుంది. పెద్దసార్లు పైనున్నవే చదువుతారు.

మావాళ్ళు చెడ్డవాళ్ళు కారు. క్యాంటీన్లో ప్యాకింగ్ అక్కను అడిగాను, ఎందుకు నొక్కలేదని.

"చెయ్యి పోతాదేమోనని ఆయప్ప రాసుకుంటే, దాని కింద బొటనవేలు ఎత్తమంటావా? మనిషివేనా నువ్వు?"

హృదయం పెట్టొచ్చు కదా అన్నాను.

"చెడ్డ మాటకు హృదయమా? పాపం తగులుతాది." అని తన డబ్బాలోని ఓళిగ సగం తుంచి అన్నకు ఇచ్చి వచ్చింది. అలా ఇంకా చాలామంది వచ్చి అన్న భుజం తట్టి పోయారు. భుజాన్ని లెక్కపెట్టే యాప్ ఇంకా రాలేదు. ఆ వారం పైకి లేచింది పెద్దసారు పుట్టినరోజు కేకు.

రెండు రోజులకు మిషన్ ఆగలేదు. మోతకు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటాం కాబట్టి నాకు కేక వినపడలేదు. తలెత్తేసరికి అన్న ఎడమచేత్తో ఆపే బటన్ నొక్కుతున్నాడు. ఆ బటన్ మాత్రం పనిచేసింది. కుడిచేతి రెండు వేళ్ళు అప్పటికే పోయాయి.

అన్న ఆస్పత్రి నుంచి వచ్చాక చూడటానికి ధర్మవరం పోయాను. మగ్గం మీద సగం చీర ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. వదిన ఆ వైపు చూడకుండా టీ ఇచ్చింది. ఇంతలో అన్న ఫోన్ మోగింది.

"ఏమంటాందో చూడబ్బా."

చదివాను. మీ పోస్టుకు స్పందన తక్కువగా ఉంది, ఒక ఫోటో జోడిస్తే ఎక్కువమంది చూస్తారు, అని.

"కట్టు ఇప్పినాక పెడదాంలే" అన్నాడు అన్న. "మిషన్ ఎవరు నడుపుతాండారు?" అని అడిగాడు.

"కొత్తాయన వచ్చినాడు. చెన్నేకొత్తపల్లి తట్టు."

"సెన్సర్?"

"యాప్‌లో పెట్టినాడన్నా."

ఫోన్ తన ముందు పట్టుకోమన్నాడు. అలవాటు లేని ఎడమచేత్తో వెతుక్కుంటూ కిందికి పోయాడు. కేకులు, పెళ్ళిరోజులు, అవార్డులు అన్నీ దాటి అడుగున కొత్తాయన పోస్టు దొరికింది. దాని కింద నాది ఒక్కటే ఉంది. తనదీ నొక్కాడు.

"వదినా, నీ ఫోన్ కూడా ఇయ్యి" అన్నాను.

ఆమె ఫోన్లో ఆ యాప్ లేదు.