భారతమ్మ కొలత

పూతలపట్టులో భారతమ్మ చేత రవిక కుట్టించుకోని ఆడది లేదు. భర్త వరదయ్య పోయాక ఆయన కుట్టుమిషనూ, కత్తెరా, గుడ్డ టేపూ పట్టుకుని సంసారం నెట్టుకొచ్చింది. ఆమె రవిక ఒంటికి అతికినట్టుంటుందని ఊరంతా అనేది. ఆమె కూడా కాదనేది కాదు.

డెబ్బై తొమ్మిదిలో పెళ్లిళ్లకు బ్యాండుమేళం నడిపే రాజారత్నం ఎర్రగుడ్డ తాను తెచ్చి, తన ఎనిమిది మందికీ కోట్లు కుట్టమన్నాడు. మగవాళ్ల బట్టలు కుట్టడం భారతమ్మకు అదే మొదలు. కుదిరితే ఇక ఆ పనీ వస్తుంది. చెడితే నవ్వడానికి రోడ్డవతల దర్జీ మునస్వామి కాచుకుని ఉన్నాడు. అయితే పరాయి మగవాడి ఛాతీ చుట్టూ టేపు తిప్పడమంటే ఆమెకు ప్రాణం పోయినంత పని. అందుకని రాజారత్నమే తన టేపుతో అందరినీ కొలిచి అంకెలు చెప్పాడు.

మేళం వాయించాల్సిన పెళ్లి ఎల్లుండి అనగా అందరూ వచ్చి తొడుక్కున్నారు. భుజాలు జారాయి, చేతులు వేళ్ల దాకా దిగాయి.

"క్లారినెట్ వాయించాలంటే నా వేళ్లు యాడుండాయో ఎతుక్కోవాలక్కా!" అన్నాడు ధనంజయ.

అందరూ నవ్వారు. భారతమ్మకు మాత్రం నవ్వు రాలేదు. గుడ్డ పాడైంది, పేరూ పోయింది అనుకుంది. ఒక కోటు తీసి చేయి కొలిచింది. చెప్పింది ఇరవై నాలుగు, టేపూ ఇరవై నాలుగే అంది. మళ్లీ కొలిచినా అంతే. ఇంకో కోటూ చెప్పిన లెక్కకు సరిపోయింది. పోనీ, రాజారత్నం చెప్పిన అంకెలే తప్పని అందామంటే నోరు రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నదంటారు మరి.

రాజారత్నం అందరినీ వరసగా నిలబెట్టి చూశాడు. పొట్టివాడికీ వదులే, పొడుగువాడికీ వదులే. ఒక్కరికీ బిగుతు లేదు.

"సూడమ్మా, మేళంలో ఒక్కొక్కడు ఒక్కో శ్రుతిలో వాయిస్తే బాగుచేసేదానికి మా నాయన వల్ల కూడా కాదు. అందురూ ఒకటే శ్రుతిలో ఉండి, ఆ శ్రుతే హెచ్చుగా ఉంటే ఒకే తూరి దించుకోవచ్చు. నీ కోట్లూ అంతే. ఏదీ, నీ టేపు ఈడ పెట్టు."

రెండు టేపులూ పక్కపక్కన పరిచారు. ఆమె ముప్పై ఆరు ఆయన ముప్పై ఎనిమిది దగ్గరకు పోయింది. ఏది నిజమో తేల్చడానికి మునస్వామి అంగడి నుంచే ఇనుప స్కేలు తెప్పించారు. అది రాజారత్నం పక్షాన నిలిచింది.

ఏళ్లతరబడి లాగి లాగి గుడ్డ టేపు సాగిపోయింది. ఒంటినీ గుడ్డనూ ఆ టేపుతోనే కొలిచేది గనుక రవికల్లో ఆ తప్పు ఎన్నడూ బయటపడలేదు.

భారతమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "నా చెయ్యి తప్పలేదన్నా," అని కళ్లు తుడుచుకుంది. చెయ్యే నిలకడ లేనిదై ఒకటి పొట్టి, ఒకటి పొడుగు కత్తిరించి ఉంటే ఆ గుడ్డంతా పీలికలకే పనికొచ్చేది. ఇప్పుడు పద్దెనిమిదికి ఒక అంగుళం లెక్కన అన్నిటికీ కుట్టు లోపలికి వేస్తే చాలు. గుండెల మీది బరువు దిగిపోయి, ఏడుపులోనే నవ్వొచ్చింది.

మరునాటి సాయంత్రానికి ఎనిమిది కోట్లూ కుదిరాయి. ధనంజయ వేళ్లు బయటికొచ్చాయి.

"ప్యాంట్లూ నువ్వే కుట్టాల. కొలతలు తీసి తెస్తా," అన్నాడు రాజారత్నం.

"వద్దన్నా. ఈతూరి నేనే కొలుస్తా," అంది భారతమ్మ. "సిగ్గయితే మీవోళ్లను కండ్లు మూసుకోమను."