జాంగ్రీలు చుట్టిన ఇత్తడి గొట్టం

వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు అటక దులుపుతుంటే మా అత్త పాత ట్రంకుపెట్టెలో ఒక ఇత్తడి గొట్టం దొరికింది. జానెడు పొడుగు, ఒక కొసన సన్నటి ముక్కు, రెండో కొసన లాగి నొక్కే పిడి. చూడగానే నాకు జాంగ్రీలు గుర్తొచ్చాయి. చిల్లిగుడ్డతో పిండి చుడితే ఏటా నా జాంగ్రీలు వంకర్లు పోతాయి, పేరంటానికొచ్చిన వాళ్ళు నవ్వుకుంటారు. ఈసారి వాళ్ళ నోళ్ళు మూయించాలనుకున్నాను.

చింతపండు వేసి తోముతుంటే, మంచంలో ఉన్న అత్త తల పైకెత్తింది.

"మే, అది యాడ దొరికింది? దాన్ని..."

"నువ్వూరుకో అత్తా! వంటింటి సంగతి నీకెందుకు?"

పనిలో ఉంటే నా నోటికి అదుపుండదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

జాంగ్రీలు అచ్చు పోసినట్టు వచ్చాయి. అమ్మవారికి నైవేద్యం పెట్టాను. పక్కింటామె నాలుగు తిని, వేళ్ళు నాక్కుంటూ, "నీ చెయ్యి ఇంతగా ఎప్పుడు తిరిగిందమ్మా!" అంది. నేను పొంగిపోయాను. అత్త మాత్రం పళ్ళు లేవని ఒక్కటీ ముట్టలేదు. జాంగ్రీకి పళ్ళెందుకని నాకు తట్టలేదు.

దీపావళి ముందు పిడి వదులైంది. చిత్తూరు బజారులో పాత ఇత్తడి సామాన్లు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన తిప్పి చూసి, కింద పెట్టేసి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"దేనికి వాడతా ఉండారమ్మా?"

"జాంగ్రీలకు."

"అయ్యయ్యో! ఇది ఎనిమా గొట్టం తల్లీ. కడుపు బిగిస్తే ఎనక నుంచి సబ్బునీళ్ళు ఎక్కిచ్చేది."

ఛీ ఛీ! అక్కడే కాలవ పక్కన కూర్చుని కక్కుకున్నాను. నైవేద్యం పళ్ళెం, పక్కింటామె నాకిన వేళ్ళు కళ్ళముందు తిరిగాయి. నా చేతులే నాకు రోతగా అనిపించి, ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. గొట్టాన్ని పెరట్లోకి విసిరికొట్టి అత్త మీద పడ్డాను.

"ఎవరికి వాడినారు ఆ పాడుదాన్ని?"

"మా అత్తకు. మంచాన పడినాక రెండేండ్లు నేనే పెట్టినా. దాన్నీ కడిగినా, ఆమెనూ కడిగినా."

"ఊరంతటి చేతా తినిపించినాను గదా! ఒక్క మాట చెప్పకూడదా?"

అత్త నన్నే చూసింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో.

"చెప్పబోతే ఊరుకోమంటివి గదమ్మా. ఊరుకుంటి."