నేను నిజం రాయించిన ఫారం

2017 జూన్‌లో ఒక జీవిత బీమా సంస్థ బిలాస్‌పూర్ బ్రాంచికి పరిపాలనాధికారిగా వచ్చాను. కొత్త ప్రపోజళ్ల విభాగం నాది. ఎవరికి పాలసీ ఇవ్వాలి, ఎవరికి ప్రీమియం పెంచాలి, ఎవరిని వద్దనాలి అని తూచే పని. మా స్థాయి దాటిన కేసులు డివిజన్ ఆఫీసుకు పోతాయి.

ఆ వానాకాలంలో గౌరి వచ్చింది. కాపురం రైల్వే క్వార్టర్‌లో, ఉద్యోగం దయాల్‌బంద్‌లో ఒక బడిలో ఆయాగా. భర్త షెడ్‌లో ఫిట్టర్. తనకేమైనా అయితే పదేళ్ల కూతురికి ఆధారం ఉండాలని పాలసీ అడిగింది. నామినీగా కూతురినే రాసింది. పాప మైనరు కనుక సొమ్ము అందుకునే బాధ్యత పాప అమ్మమ్మకు అప్పగించింది.

డాక్టరు రిపోర్టులో ముంజేయి రెండుసార్లు విరిగినట్టుంది. కారణం దగ్గర ‘బాత్‌రూములో జారిపడ్డాను’ అని రాసింది. దెబ్బలు తిన్న క్వార్టర్స్ ఆడవాళ్లు ఆస్పత్రిలో చెప్పే మాటే అది. పాత బ్రాంచీల్లోనూ అదే విని విని విసుగెత్తి నిలదీశాను. బీమాకు పునాది నిజాయితీ, దాచిపెడితే రేపు క్లెయిమ్ ఇవ్వరని పాఠం చెప్పాను. నీతులు చెప్పడానికేం, నోరుంటే చాలు. ఆమె ఆ మాట కొట్టేసి, ‘భర్త కొట్టాడు’ అని రాసి సంతకం పెట్టింది.

మూడు వారాలకు డివిజన్ నుంచి జవాబొచ్చింది: నైతిక ముప్పు, తిరస్కరించడమైనది. పాలసీ సొమ్ము కోసం ఎవరైనా మనిషి ప్రాణం తీస్తారన్న అనుమానానికి మా వాళ్లు పెట్టిన పేరు అది. సొమ్ము భర్తకు అందదని నోట్ రాసి పంపాను. నిర్ణయంలో మార్పు లేదని ఒక్క లైను వచ్చింది. పైగా, ఇంకో కంపెనీకి వెళ్లినా, ఇంతకుముందు మీ ప్రపోజల్ తిరస్కరించారా అని ఫారంలో అడుగుతారు. ఆ తలుపులు కూడా నేనే మూయించాను.

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పాను. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

“మరి కొట్టినోడికి ఇస్తారేటి మేడమ్?” అంది.

ఇచ్చాం. అంతకు ముందు నెలలోనే, మామూలు ప్రీమియానికి, నా సంతకంతో. అతని గుండె గురించి అడిగాం, సిగరెట్ల గురించి అడిగాం. భార్యను కొడతావా అన్న ప్రశ్న ఫారంలో లేదు. ఒకరి పాలసీ సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది నిబంధన. దాన్ని పాటించి, ఉత్తరం మడిచి ఆమె చేతిలో పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, ఏ ఆడమనిషి జారిపడ్డానని రాసినా నేను రెండో ప్రశ్న వేయలేదు. మా రూల్సు ప్రకారం అది విధుల్లో నిర్లక్ష్యం. ముప్పయ్యేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న పనికొచ్చే పని అదొక్కటే.