గాజుపూస కన్ను

వీధిలో అందరికీ ఆమె పిట్టలమ్మ. నీటిరంగులతో పిట్టల బొమ్మలు వేయడం తప్ప ఆమెకు మరో లోకం లేదు. "కూర మాడినా పట్టదు గానీ, పిట్ట తోక మాత్రం వంకర పోకూడదు," అని అత్తగారు పెళ్లయిన నాటి నుంచీ దెప్పుతూనే ఉంది. దెప్పడం మానేస్తే ఆ ఇద్దరికీ తోచదని ఇంటాయన నవ్వుతాడు.

పిట్టలమ్మ ఏ బొమ్మనైనా కంటితోనే మొదలుపెడుతుంది. కన్ను కుదరకపోతే మిగతా ఒళ్లంతా దండగ. తెల్లరంగు ముట్టదు. కంట్లో మెరుపు కోసం ఆవగింజలో సగమంత కాగితాన్ని తడపకుండా వదిలేస్తుంది.

అంతటి మనిషీ పప్పులో కాలేసింది. ఆమె బొమ్మలతో పక్షుల పుస్తకం ఒకటి అచ్చవుతోంది. అందులో చివరి పిట్టను మ్యూజియంలో చూసి వేసి, కంటికి పసుపు పెట్టింది. తీరా చూస్తే, ఆ పిట్టలో గడ్డి కూరినవాడు చేతికందిన గాజుపూసను కన్నుగా గుచ్చాడట. ప్రాణమున్న పిట్టను చూసిన ఒకాయన పసుపు కాదన్నాడే తప్ప, ఏ రంగో చెప్పలేకపోయాడు. రేపే బొమ్మ పంపాలి. అబద్ధపు కన్ను తన చేత్తో ఎలా పంపడమా అని ఆమెకు తిండి సయించడం లేదు.

ఆ పొద్దున వంటింటి కిటికీ అద్దానికి ఏదో ఠపీమని తగిలింది. గట్టు మీద అదే జాతి పిట్ట, కళ్లు మూసుకుని పడి ఉంది. రొమ్ము మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

"నీ పంట పండిందే! రెప్ప ఎత్తి చూడు," అంది అత్తగారు.

పిట్టలమ్మ చెయ్యి చాచి ఆగిపోయింది. దెబ్బ తిన్న పిట్టను చీకట్లో వదిలేయాలి. వెలుతురులో కెలికితే బెదిరి చస్తుంది.

"వద్దత్తయ్యా. ఆ చెప్పుల డబ్బా ఇలా ఇవ్వండి."

"పిచ్చిదానా, రేపే కదటే పంపాలి!"

"తెలుసు. ఇవ్వండి."

పిట్టను డబ్బాలో పెట్టి మూత వేసింది. లోపల చడీచప్పుడూ లేదు. ఆమె వేళ్లు మాటిమాటికీ మూత మీదికి పోతున్నాయి. పిట్ట పోతుందేమోనని భయం, రంగు తెలియకుండానే పోతుందేమోనని అంతకు మించిన భయం. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అత్తగారు దెప్పడం మరచి పక్కనే కూర్చుంది.

"బతికుందంటావా?"

"ఏమో అత్తయ్యా."

ఎంతసేపటికో లోపల గోళ్ల గీకుడు వినిపించింది. డబ్బాను కిటికీ దగ్గరికి తెచ్చి, ఊపిరి బిగబట్టి మూత తీసింది. పిట్ట అంచు మీదికెక్కి అత్తగారి వైపు తల తిప్పి, రివ్వున ఎగిరిపోయింది. పిట్టలమ్మకు కనిపించింది తోక ఒక్కటే. అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"నేను చూశాగా," అంది అత్తగారు. "లేచి ఎర్ర రంగు కలుపు."

పిట్టలమ్మ ఎరుపు కలిపింది.

"మరీ నెత్తురులా ఉంది. నీళ్లు పొయ్యి. పావురం కాళ్లకు వేశావే, ఆ ఛాయ. దానికంటే ఓ పిసరు ముదురు."

కోడలు తెల్లబోయింది. అత్తగారు ఆమె బొమ్మల దగ్గరికి వచ్చిన పాపాన పోలేదు మరి.

"ఏమిటా చూపు? నువ్వు బజారుకెళ్తే ఇంట్లో నాకేం పని? అవే చూస్తుంటాను."

పిట్టలమ్మ తడి కుంచెతో పాత పసుపును కరిగించి, గుడ్డతో అద్ది తీసేసింది. మెరుపు చుక్కకు తగలకుండా చుట్టూ కొత్త రంగు నింపింది. ముసలావిడ బొమ్మ మీదికి వంగింది.

"ఇదే. నా వంక ఇలాగే చూసింది."

పొయ్యి దగ్గర నుంచి మాడు వాసన వచ్చింది. పిట్టలమ్మ లేవబోయింది.

"కూర్చోవే," అంది అత్తగారు. "కూర మాడితే మాడనీ. ఆ రెప్ప కింద ఇంకొంచెం పెట్టు."